సాలిగ్రామంలో క్యాసెట్లు మార్చే షాపు: టైటిల్స్ కత్తిరించని మనిషి

విల్లివాక్కంలో మా ఇంటి అటక మీద నాన్నవి 41 వీహెచ్ఎస్ వీడియో క్యాసెట్లు ఉన్నాయి. రెండు అట్టపెట్టెలు, పైన అమ్మ పాత చీర, ఇరవై ఏళ్ళ దుమ్ము. వాటిని ఆడించే వీసీఆర్ ఎప్పుడో మూలపడింది. కొత్తది కొందామంటే చిట్టచివరిదాకా వాటిని తయారుచేసిన జపాన్ కంపెనీ ఫునాయ్ కూడా 2016లో ఆపేసింది. ఇక ఈ క్యాసెట్లు చూడాలంటే కంప్యూటర్ ఫైళ్ళుగా మార్పించుకోవడం ఒక్కటే దారి. ఆ పని చేసే ఒక షాపు గురించే ఈ రివ్యూ. పేరు మాత్రం రాయట్లేదు. ఉన్నది ఆయన ఒక్కరే, ఒక్కసారిగా పని మీద పడితే చెయ్యలేనని, పేరు పెట్టొద్దని ఆయనే అన్నారు. సాలిగ్రామంలో అరుణాచలం రోడ్డు మీద ప్రసాద్ ల్యాబ్ దాటాక ఒక సందులో, టైలరు కొట్టు పై మేడ మీద ఉంటుంది. సందు మొదట్లో ఎవరినడిగినా 'క్యాసెట్ తాత్తా' అని వేలు చూపిస్తారు.

షాపు సంగతి చెప్పే ముందు ఆ క్యాసెట్ల సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే నేనెందుకింత మెచ్చుకుంటున్నానో అర్థం కాదు.

నాన్న ప్రతి క్యాసెట్ వీపు మీదా తెల్ల కాగితం అంటించి నీలం పెన్నుతో సినిమా పేరు రాసేవారు. దాని కింద ఎర్ర పెన్నుతో ఇంకో పేరు. చిన్నప్పుడు అది హీరో పేరు అనుకునేదాన్ని. కాదు. 'సాగర సంగమం' కింద శరత్‌బాబు అని ఉంటుంది. 'లేడీస్ టైలర్' కింద మల్లికార్జునరావు. 'శుభలేఖ' కింద సుధాకర్, 'సిరిసిరిమువ్వ' కింద చంద్రమోహన్, 'మయూరి' కింద పి.ఎల్. నారాయణ. ఎవరి కోసం ఆ సినిమా మళ్ళీ మళ్ళీ వేసుకుంటారో వాళ్ళ పేరన్నమాట. 41 క్యాసెట్లలో ఒక్కదాని మీద కూడా పెద్ద స్టార్ పేరు ఎర్ర సిరాతో లేదు. సాగర సంగమంలో కమల్ హాసన్ చేసిందానికి లోకమంతా దండం పెట్టింది, నాన్న కూడా పెడతారు, కానీ ఎర్ర పెన్ను మాత్రం వాన కురుస్తుంటే స్నేహితుణ్ణి చక్రాల కుర్చీలో తోసుకుంటూ వెళ్ళే రఘు, అంటే శరత్‌బాబు కోసం తీశారు.

రెండేళ్ళ కిందట వేరే చోట మూడు క్యాసెట్లు ఇచ్చి చూశాను. అది మెయిన్ రోడ్డు మీద ఉన్న షాపు, ఏసీ, రసీదు, అన్నీ ఉన్నాయి. నాలుగు రోజుల్లో పెన్‌డ్రైవ్ చేతికిచ్చారు. ఇంటికి తెచ్చి టీవీలో పెడితే బొమ్మంతా అడ్డంగా సాగదీసి ఉంది, అందరి మొహాలూ ఉబ్బిపోయినట్టున్నాయి. ఇంకోదాంట్లో సాగదీయకుండా జూమ్ చేశారు, నిలబడ్డవాళ్ళ తలలు పైన తెగిపోయాయి. అన్నిటికంటే బాధ కలిగించింది ఏంటంటే మూడింటిలోనూ టైటిల్స్ లేవు. 'శుభలేఖ' తిన్నగా మొదటి సీనుతో మొదలైంది. నాన్న రిమోట్ పట్టుకుని రెండు సార్లు వెనక్కి తిప్పి చూసి, "సుధాకర్ పేరు పడే చోటు ఏదే?" అన్నారు. ఆ సినిమా పేరే ఆయనకి ఇంటిపేరు అయిపోయింది, శుభలేఖ సుధాకర్ అంటే తప్ప ఎవరూ గుర్తుపట్టరు, మరి ఆ సినిమాలోనే ఆయన పేరు కోసేశారు. ఫోన్ చేసి అడిగితే "టైటిల్స్ ఎవరు చూస్తారు మేడమ్, సైజు తగ్గుతుందని తీసేశాం" అన్నారు. ఆ డబ్బు పోయినట్టే.

అందుకే సాలిగ్రామం షాపుకి వెళ్ళినప్పుడు ముందే చెప్పాను, టైటిల్స్ ఉంచండి, సాగదీయొద్దు అని. ఆయనకి డెబ్బై దాటి ఉంటాయి, మెడలో తువ్వాలు, ముక్కు మీదకి జారిన కళ్ళజోడు. పుట్టింది నెల్లూరు జిల్లా, పెరిగింది ఇక్కడే కోడంబాక్కంలో, ఒకప్పుడు క్యాసెట్లు కాపీ చేసే యూనిట్లో పనిచేశారట. నా మాట విని కొంచెం చిన్నబుచ్చుకున్నట్టు, "పక్కన నిలబడ్డవాళ్ళని కోసేస్తే ఇక సినిమాలో ఏముంటుందమ్మా" అన్నారు. ఆ ఒక్క మాటతో రెండు పెట్టెలూ ఆయన చేతికిచ్చేశాను.

ఇది తెలియనివాళ్ళ కోసం కొంచెం వివరంగా చెబుతాను. పాత టీవీ బొమ్మ నాలుగుకి మూడు కొలతలో ఉండేది, దాదాపు చదరం. ఇప్పటి టీవీ పదహారుకి తొమ్మిది, వెడల్పు ఎక్కువ. పాత బొమ్మని కొత్త టీవీలో సరిగ్గా పెడితే రెండు పక్కలా నల్లటి పట్టీలు వస్తాయి, అవి రావాలి. చాలామంది కస్టమర్లకి ఆ పట్టీలు నచ్చవు, 'స్క్రీన్ నిండా లేదు' అని గొడవ పెడతారు, అందుకని షాపులవాళ్ళు సాగదీయడమో, పైనా కిందా కొయ్యడమో చేస్తారు. దీనికి ముందు ఇంకో నష్టం ఎప్పుడో జరిగిపోయింది. సినిమాస్కోప్‌లో తీసిన సినిమాల్ని క్యాసెట్‌లోకి ఎక్కించేటప్పుడే రెండు పక్కలా చాలా భాగం పోయేది, ఎవరు మాట్లాడుతుంటే వాళ్ళ వైపుకి బొమ్మని జరిపేవాళ్ళు. అంటే హీరో మధ్యలో భద్రంగా ఉంటాడు, పక్కన నిలబడి వింటున్న నటుడి సగం మొహం బయటికి పోతుంది. వినడం కూడా నటనే కదా, ఇలాంటి నటులు సగం సినిమా వింటూనే చేశారు. అలా ఒకసారి పక్కలు పోయిన బొమ్మకి మళ్ళీ పైనా కిందా కోస్తే ఇక వాళ్ళు మిగిలేదెక్కడ? క్యాసెట్‌లోకి రాని భాగాన్ని ఈయన కూడా తేలేరు, ఆ మాట ముందే చెప్పారు. ఉన్నదాన్ని మాత్రం ఒక్క గీత కూడా వదల్లేదు. వీహెచ్ఎస్ బొమ్మకి కింది అంచున సన్నగా వణికే గీత ఒకటి ఉంటుంది, అందరూ దాన్ని తీసెయ్యడానికి బొమ్మనే పెద్దది చేస్తారు, ఈయన ఆ గీత మీద మాత్రం నల్లరంగు కప్పి మిగతాది అలాగే ఉంచుతారు.

ఆయన పనితనం నాకు బాగా తెలిసింది 'దాసి' క్యాసెట్ దగ్గర. అది నాన్న ఒక ఆదివారం మధ్యాహ్నం దూరదర్శన్ నుంచి రికార్డు చేసుకున్నది, కింద ఇంగ్లీషు సబ్‌టైటిల్స్‌తో. క్యాసెట్ అద్దంలోంచి చూస్తేనే టేపు చుట్ట మీద తెల్లగా బూజు, సున్నం చల్లినట్టు. ఆయన దాన్ని మిషన్లో పెట్టనివ్వలేదు. బూజు ఒక్కసారి వీసీఆర్ హెడ్‌కి, అంటే టేపుని చదివే భాగానికి అంటుకుంటే తర్వాత పెట్టిన ప్రతి క్యాసెట్‌కీ పాకుతుందట. బోర్లా తిప్పి అయిదు స్క్రూలు విప్పి, పెంకు తీసి, రెండు చుట్టల్నీ మెల్లగా ఒక చెక్క స్టాండు మీదకి ఎక్కించారు. ఒక చేత్తో హ్యాండిల్ తిప్పుతుంటే రెండో చేతి వేళ్ళ మధ్య మెత్తటి గుడ్డలోంచి టేపు జారిపోతోంది. గుడ్డ మీద బూడిదరంగు చార. పది నిమిషాలకోసారి గుడ్డ మార్చారు. ఎనిమిది గుడ్డలు లెక్కపెట్టాను. తర్వాత బాగున్న వేరే క్యాసెట్ పెంకులోకి మార్చి, స్పిరిట్‌తో హెడ్ తుడిచి అప్పుడు ప్లే చేశారు. ముందు టైటిల్స్ వచ్చాయి. ఒక్కటీ పోలేదు.

'దాసి' గురించి వినే ఉంటారు. బి. నర్సింగరావు తీసిన 1988 సినిమా, 1920ల నాటి తెలంగాణ గడీలో దొర ఇంటి దాసి కథ. అయిదు జాతీయ అవార్డులు వచ్చాయి, అందులో ఉత్తమ నటి అర్చన. ముందు సంవత్సరమే తమిళంలో బాలు మహేంద్ర 'వీడు'కి ఆవిడకే వచ్చింది. అంటే వరసగా రెండేళ్ళు, రెండు భాషల్లో. 'వీడు' మన మద్రాసు కథే, ఒక మామూలు ఉద్యోగస్తురాలు ఇల్లు కట్టుకోవాలని పడే అవస్థ, ఇక్కడ అద్దె ఇంట్లో బతికినవాళ్ళెవరైనా గుండె పట్టుకుని చూస్తారు. మరి అలాంటి నటి తర్వాత ఎన్ని పెద్ద సినిమాల్లో కనిపించింది? 'లేడీస్ టైలర్', 'నిరీక్షణ' అని రెండు పేర్లు చెప్పి మనవాళ్ళు ఆగిపోతారు. చామనచాయ అమ్మాయి మేకప్ లేకుండా అంత నిజంగా చేస్తే అవార్డు ఇచ్చి గౌరవిస్తాం, పోస్టరు మీద మాత్రం వేసుకోం. నా అభిప్రాయం ఇదే, ఎవరేమన్నా మార్చుకోను.

ఆ సినిమాలో మాటలు చాలా తక్కువ. అర్చన ఎక్కువగా పని చేస్తూ కనిపిస్తుంది, పిలిస్తే వెళ్తుంది, చెబితే చేస్తుంది. ఆవిడ ఏమనుకుంటోందో భుజాల్లోంచి, నడకలోంచి తెలియాలి. అందుకే ఇలాంటి సినిమాకి శబ్దం చాలా ముఖ్యం. పాత టేపులో ఎప్పుడూ ఒక బుస్సుమనే శబ్దం ఉంటుంది, దాన్ని సాఫ్ట్‌వేర్‌తో పూర్తిగా తుడిచేస్తే దాంతోపాటు గిన్నె చప్పుడు, అడుగుల చప్పుడు, గది నిశ్శబ్దం కూడా పోయి మొత్తం నీళ్ళలో మునిగినట్టు వినిపిస్తుంది. ఈయన ఆ బుస్సుని సగానికి తగ్గించి వదిలేశారు. "ఇంకా తగ్గించొచ్చు, కానీ ఆవిడ నడక పోతుందమ్మా" అన్నారు. హెడ్‌ఫోన్ ఇచ్చి రెండు రకాలుగానూ వినిపించారు. నిజమే, పూర్తిగా తుడిచిన దాంట్లో అడుగుల చప్పుడు లేదు.

'నాలుగు స్తంభాలాట'లో దీనికి ఎదురు సమస్య. 1982లో జంధ్యాల తీసిన సినిమా. సుత్తి అనే మాటని ఇంటింటికీ పంచిన జంట అందులోదే, వీరభద్రరావు, వేలు. వీరభద్రరావు గారిది విజయవాడ రేడియోలో పండిన గొంతు, ఒక్కసారిగా ఎత్తుకుంటే టేపులో పగిలిపోతుంది. వేరే షాపువాళ్ళు ఇచ్చిన మూడింటిలో ఇది కూడా ఉంది, ఆ గొంతు పెరిగిన ప్రతిచోటా గరగర. ఇక్కడ మళ్ళీ చేయించాను. ఆయన ఆ సీన్లు ముందు వినేసి, సౌండ్ లెవెల్ తగ్గించుకుని, మళ్ళీ మొదటినుంచి ఎక్కించారు. రెండున్నర గంటల సినిమా అంటే ఎక్కించడానికి రెండున్నర గంటలే పడుతుంది, టేపుని తొందరపెట్టే వీల్లేదు. అంటే నా ఒక్క క్యాసెట్‌కి అయిదు గంటలు కూర్చున్నారు, డబ్బు మాత్రం ఒక్కసారికే తీసుకున్నారు. వీరభద్రరావు గారు 1988లోనే పోయారు, వేలు గారు 2012లో ఇదే చెన్నైలో పోయారు. ఇప్పుడు గరగర లేకుండా వింటుంటే, వీరభద్రరావు గారు ఊపిరి పీల్చుకోవడానికి ఆగిన అరక్షణంలో వేలు గారు గొంతులో చేసే చిన్న మూలుగు వినిపిస్తోంది. ఇన్నేళ్ళుగా ఆ సినిమా చూస్తున్నాను, అది నాకెప్పుడూ వినపడలేదు.

శరత్‌బాబు క్యాసెట్ బాగానే ఉంది, శుభ్రం చెయ్యాల్సిన పనే పడలేదు. సొంతూరు శ్రీకాకుళం దగ్గర ఆముదాలవలస అని చెబితే మా పక్కింటి తమిళావిడ నమ్మలేదు, 'ముళ్ళుమ్ మలరుమ్' చూసినవాళ్ళకి ఆయన వాళ్ళ మనిషే. 1973లో 'రామరాజ్యం'తో హీరోగా వచ్చారు, ఆ అందానికి, ఆ గొంతుకి ఎక్కడికో వెళ్ళాల్సింది, స్నేహితుడిగా, అన్నగా, పక్కన ఉండే పెద్దమనిషిగా రెండు భాషల్లోనూ స్థిరపడిపోయారు. 2023 మేలో పోయినప్పుడు అంత్యక్రియలు చెన్నైలోనే జరిగాయి. అదే సంవత్సరం నవంబరులో చంద్రమోహన్ గారు కూడా పోయారు. ఇంకొంచెం పొడుగుంటేనా అని ఆయన గురించి మనవాళ్ళు అనని ఇల్లు లేదు. 1966లో 'రంగులరాట్నం'తో మొదలుపెట్టిన మనిషి, ఇక్కడ ఎమ్జీఆర్‌కి తమ్ముడిగా 'నాళై నమదే'లో చేశారు, అది కూడా చాలామందికి తెలియదు.

ఇక బాధపడ్డ సంగతి. 41లో రెండు క్యాసెట్లు దక్కలేదు. ఒకటి మా పిన్ని పెళ్ళిది, దానికి ఇంకో కాపీ పిన్ని దగ్గర ఉంది. రెండోది 'యజ్ఞం'. కాళీపట్నం రామారావు గారి కథ, పి.ఎల్. నారాయణ గారికి 1991 సంవత్సరానికి ఉత్తమ సహాయ నటుడిగా జాతీయ అవార్డు తెచ్చిన సినిమా. నాన్న దగ్గరున్న అన్ని క్యాసెట్లలోకీ ఎర్ర పేరు కింద రెండు గీతలు గీసి ఉన్నది అదొక్కటే. టేపు పొరలు ఒకదానికొకటి అంటుకుపోయాయి, విప్పుతుంటే మీది పూత ఊడి వచ్చేస్తోంది. ఆయన ముందుకి వెళ్ళకుండా అక్కడే ఆపి నాకు ఫోన్ చేశారు, "బలవంతం చేస్తే మిగిలింది కూడా పోతుంది, అలాగే ఉంచుకోండి, రేపు ఎవరైనా మంచి మిషను ఉన్నవాళ్ళు దొరికితే ప్రయత్నించొచ్చు" అని. ఒక్క పైసా తీసుకోలేదు. నాన్నకి ఆ మాట చెప్పడానికి నాకు రెండు రోజులు పట్టింది. విని ఏమీ అనలేదు, క్యాసెట్ తీసుకెళ్ళి తన బీరువాలో పెట్టుకున్నారు. మీలో ఎవరి ఇంట్లోనైనా దూరదర్శన్ నుంచి రికార్డు చేసిన 'యజ్ఞం' క్యాసెట్ ఉంటే దయచేసి దాన్ని పారెయ్యకండి, ముందు ఈయన దగ్గరికి పట్టుకెళ్ళండి.

షాపులో నచ్చనివి కూడా చెప్పాలి. మొదటిది ఆలస్యం. మూడు వారాలన్నది ఏడు వారాలైంది. ఫోన్ ఎత్తరు, పనిలో ఉంటే అసలు ఎత్తరు, వాట్సాప్ చూడరు, కాబట్టి వెళ్ళే అడగాలి. నేను తిరిగిన రోజుల్లో ఆర్కాట్ రోడ్డు మెట్రో పనులతో తవ్వేసి ఉంది, బండి పెట్టడానికి చోటు దొరకలేదు. వడపళని మెట్రోలో దిగి ఆటోలో వెళ్ళడం మేలు. దారిలో వాహినీ స్టూడియో ఉన్న చోటు చూడొచ్చు, ఇప్పుడక్కడ ఆసుపత్రి, మాల్. ఆ ఫ్లోర్లలో ఎంతమంది ఒక్క సీను కోసం పొద్దుటినుంచీ రంగు వేసుకుని కూర్చున్నారో అనిపిస్తుంది నాకు అటు వెళ్ళినప్పుడల్లా. షాపు మెట్లు నిటారుగా ఉంటాయి, పెద్దవాళ్ళని తీసుకెళ్ళకండి. ఫైళ్ళ పేర్లు రెండు తారుమారయ్యాయి, 'మయూరి' అని ఉన్నది తెరిస్తే 'సిరిసిరిమువ్వ' వచ్చింది. ఇంటికొచ్చాక నేనే సరిచేసుకున్నాను.

ధర: మూడు గంటల వరకు ఒక్కో క్యాసెట్‌కి 400 రూపాయలు, బూజు తియ్యాల్సి వస్తే ఇంకో 150. నాకు 39 క్యాసెట్లకి, అందులో తొమ్మిదింటికి బూజు తీసినందుకు కలిపి 16,950 అయింది. వేరే షాపు దీనికి సగానికే చేసింది, ఏం చేసిందో పైన చెప్పాను. ఒక్కో క్యాసెట్‌ని రెండు రకాలుగా ఇస్తారు. టీవీలో చూసుకోవడానికి చిన్న ఫైలు, మూడు గంటలది దాదాపు 5 జీబీ. దాచుకోవడానికి పెద్ద ఫైలు, గంటకి 13 జీబీ. అందుకని 2 టీబీ హార్డ్‌డిస్క్ మనమే తీసుకెళ్ళాలి. మన దగ్గరున్న క్యాసెట్‌ని మన ఇంట్లో చూసుకోవడానికి మాత్రమే చేస్తారు, ఆయన తన దగ్గర కాపీ ఉంచుకోరు, 'ఫలానా సినిమా ఉంటే ఇవ్వండి' అని అడిగితే కోపం వస్తుంది. అది నాకు నచ్చింది.

ఇంకో విషయం. ఈ క్యాసెట్లన్నిటి టైటిల్స్ వరసగా చూస్తే ఎవరి పేర్లు లేవో కూడా తెలుస్తుంది. హీరోయిన్లకి గొంతు ఇచ్చినవాళ్ళ పేర్లు చాలా సినిమాల్లో పడేవే కావు. 'భక్త ప్రహ్లాద'లో ప్రహ్లాదుడిగా చేసిన రోజారమణి, 'మరో చరిత్ర' సరిత, ఇద్దరూ ఎంతమందికి మాట అరువిచ్చారో. నాన్నకి గొంతు వినగానే తెలిసిపోతుంది. ఇప్పుడు ఫైళ్ళు పెట్టుకుని చూస్తూ, టైటిల్ కార్డు మీద లేని ఆ పేర్లు నాకు చెబుతుంటే నేను ఒక నోట్‌బుక్‌లో రాస్తున్నాను. ఎర్ర పెన్నుతోనే.

నా రేటింగ్ అయిదుకి నాలుగున్నర. ఆ అర తగ్గించింది ఫోన్ ఎత్తనందుకు.

వెళ్ళేవాళ్ళకి రెండు మాటలు. ఆడుతుందో లేదో చూద్దామని ఇంట్లో పాత వీసీఆర్‌లో పెట్టకండి, బూజు ఉంటే రెండూ పోతాయి. క్యాసెట్లని పుస్తకాల్లా నిలబెట్టి తీసుకెళ్ళండి, ఎండలో బండి మీద వదలొద్దు. ఉదయం పదకొండు నుంచి సాయంత్రం ఆరు దాకా ఉంటారు, మధ్యాహ్నం ఒంటిగంటకి భోజనానికి ఇంటికెళ్ళి మూడుకి వస్తారు. ఆదివారం సెలవు. పెట్టె ఇచ్చేటప్పుడు ఎవరి కోసం ఆ సినిమా దాచుకున్నారో చెప్పండి. ఆయన అడుగుతారు, చీటీ మీద రాసుకుని ఆ మనిషి వచ్చే సీన్లు ఇంకోసారి చూసి మరీ ఇస్తారు.